ఉప్పునీటి పడవ ఇంజన్‌కు కొత్త ఎగ్జాస్ట్ మానిఫోల్డ్

ఐదారేళ్లు సముద్రంలో తిరిగిన పడవ ఇంజన్ నుంచి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ విప్పి, రంపంతో అడ్డంగా కోసి చూస్తే దాని కథ మొత్తం కనిపిస్తుంది. పైన వేసిన రంగు చాలాచోట్ల అలాగే ఉంటుంది. లోపల నీళ్లు పారాల్సిన సందులు మాత్రం పొరలు పొరలుగా లేచిన తుప్పుతో పూడిపోయి ఉంటాయి. వేలు దూరాల్సిన చోట పెన్సిల్ దూరదు. నీటికీ పొగకూ మధ్యనున్న గోడ ఒకచోట గట్టిగానే ఉంటుంది, జానెడు దూరంలో అట్టముక్కంత పలచబడి ఉంటుంది. ఆ పలచటి చోటు చిల్లు పడిన రోజున పోయేది మానిఫోల్డ్ ఒక్కటే కాదు, ఇంజన్ కూడా.

సిలిండర్లలో కాలిన వాయువులను ఒకచోట చేర్చి బయటికి పంపే పోత ఇనుప భాగమే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. కారులోనూ ఉంటుంది, లారీలోనూ ఉంటుంది. రోడ్డు మీద నడిచే బండిలో దానికి ఎదురుగాలి తగులుతుంది కాబట్టి ఎంత కాలినా ఇబ్బంది లేదు. పడవలో ఇంజన్ మూతపెట్టిన అరలో కూర్చుంటుంది. ఆ అరలోనే పెట్రోలు ఆవిరి పోగయ్యే ప్రమాదం ఉంది. బరువు లాగుతున్న పెట్రోలు ఇంజన్ పొగ 600 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ వేడితో బయటికి వస్తుంది. పెట్రోలు ఆవిరి నిప్పురవ్వ లేకుండా తనంతట తానే అంటుకోవడానికి 250, 280 డిగ్రీల వేడి చాలు. అందుకే పడవ మానిఫోల్డ్‌ను రెండు గోడలతో పోత పోస్తారు. లోపలి గోడ మధ్య పొగ, రెండు గోడల నడుమ నీళ్లు. చవగ్గా దొరికింది కదా అని కారు మానిఫోల్డ్‌ను పడవ ఇంజన్‌కు బిగించడం మూసిన గదిలో కొలిమి వెలిగించడంతో సమానం.

మానిఫోల్డ్ నెత్తిన రైజర్ గానీ ఎల్బో గానీ కూర్చుంటుంది. పొగ ముందు పైకి లేచి, మెడ వంచిన గొట్టంలోంచి వెనక్కి దిగుతుంది. ఆ వంపు దాటాకే, మానిఫోల్డ్‌ను చల్లబరిచి వచ్చిన నీళ్లు పొగలో కలుస్తాయి. కలవగానే వేడి ఒక్కసారిగా పడిపోతుంది, శబ్దమూ తగ్గుతుంది. అక్కడి నుంచి రబ్బరు గొట్టం ఆ నీటినీ పొగనూ కలిపి అమరం వైపు తీసుకెళ్లి బయటికి వదులుతుంది. పడవ వెనక నుంచి పొగతో పాటు నీళ్లు చిమ్ముతూ కనిపించేది ఇదే. నీళ్లు రాకపోతే ఆ రబ్బరు గొట్టం నిమిషాల్లో కాలిపోతుంది.

ఈ విడిభాగాల మార్కెట్ అమెరికాలో పెద్దదిగా ఎదగడానికి ఒక చరిత్ర ఉంది. ఇంజన్ పడవ లోపల ఉండి, ప్రొపెల్లర్ కాలు మాత్రం వెనక బయటికి వేలాడే స్టెర్న్‌డ్రైవ్ పద్ధతిని స్వీడన్‌కు చెందిన వోల్వో పెంటా 1959లో ఆక్వామాటిక్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. 1961లో అమెరికాకు చెందిన మెర్క్యురీ సంస్థ మెర్‌క్రూజర్‌తో రంగంలోకి దిగింది. దశాబ్దాల పాటు ఈ పడవల్లో ఎక్కువ భాగానికి గుండెకాయగా ఉన్నది జనరల్ మోటార్స్ కార్ల ఇంజనే: 3 లీటర్ల నాలుగు సిలిండర్లది, 4.3 లీటర్ల వి6, 5 లీటర్లు, 5.7 లీటర్ల వి8లు. కారు ఇంజన్‌ను పడవకు పనికొచ్చేలా మార్చడంలో ముఖ్యమైన మార్పు ఈ నీటి తొడుగు మానిఫోల్డే. ఒకే ఇంజన్ లెక్కలేనన్ని పడవల్లో ఉండటంతో ఇంజన్ కంపెనీలతో పాటు బార్, ఆస్కో, జీఎల్ఎం, సియెరా వంటి బయటి సంస్థలు కూడా వీటిని తయారుచేసి అమ్ముతూ వచ్చాయి. కాకినాడ, విశాఖ తీరాల్లో చిన్న ఫైబర్ పడవల వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్లలో ఈ విడిభాగం కనబడదు. వాటిలో పొగదారి ఇంజన్ పోతలోనే కలిసి ఉంటుంది.

సముద్రపు నీరు కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పు మోస్తుంది. విశాఖ బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ ఊచలు, గేట్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అక్కడ తగిలేది ఉప్పు గాలి మాత్రమే. మానిఫోల్డ్‌లో ఉప్పునీళ్లే పారతాయి, అదీ వేడి మీద. ఇనుము తుప్పుగా మారితే తాను తొలుత ఆక్రమించిన చోటుకు ఎన్నో రెట్లు ఆక్రమిస్తుంది. గోడ పలచబడుతూ సందు పూడుకుపోవడం, ఈ రెండూ ఒకేసారి జరగడానికి కారణం అదే.

పోత ఇనుముకు ఇంకో గుణం ఉంది. దానిలో కర్బనం గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది. ఉప్పునీరు ఇనుమును కరిగించి తీసుకుపోతే గ్రాఫైట్ మిగిలి, వస్తువు ఆకారం చెక్కుచెదరకుండా నిలబడుతుంది. చూడటానికి గోడ గోడలాగే ఉంటుంది, చాకుతో గీకితే పెన్సిల్ ముల్లులా నల్లగా రాలుతుంది. కంటిచూపును నమ్మి పాత మానిఫోల్డ్‌ను మళ్లీ బిగించినవాళ్లు మోసపోయేది ఇక్కడే.

విచిత్రమేమిటంటే ఇంజన్ నడిచిన గంటల కంటే నడవకుండా గడిపిన నెలలే ఎక్కువ హాని చేస్తాయి. ఇంజన్ ఆపగానే పై భాగాల్లోంచి నీళ్లు కిందికి దిగిపోతాయి. మిగిలేది వేడి ఇనుము, ఉప్పు తడి, గాలి. తుప్పుకు ఇంతకంటే ఏం కావాలి? అందుకే మీటరులో 100 గంటలే తిరిగిన పడవ అని చెప్పి అమ్మేవాళ్ల మాట మానిఫోల్డ్ విషయంలో పనికిరాదు. క్యాలెండర్ చూడాలి. అమెరికాలోని ఫ్లోరిడా, గల్ఫ్ తీరాల మెకానిక్‌లు రైజర్లకు మూడు నుంచి ఐదేళ్లు, మానిఫోల్డ్‌కు ఐదేళ్ల పైచిలుకు అని ఒక మోటు లెక్క చెబుతారు. మిషిగన్ వంటి మంచినీటి సరస్సుల దగ్గర ఇదే భాగం పదిహేను, ఇరవై ఏళ్లు నిలిచిన సందర్భాలు మామూలే. అక్కడి గండం వేరు: చలికాలంలో నీళ్లు ఖాళీ చేయడం మరిస్తే మంచు గట్టిపడి పోత నిలువునా పగులుతుంది. ఉప్పునీరూ మంచినీరూ కలిసే చెసపీక్ అఖాతం లాంటి చోట్ల ఆయువు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది.

చిల్లు పడితే జరిగేది ఏమిటో లెక్క వేసి చూడవచ్చు. 5.7 లీటర్ల వి8లో ఒక్కో సిలిండర్ పరిమాణం సుమారు 710 మిల్లీలీటర్లు. నొక్కుడు నిష్పత్తి 9కి 1 అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని నెత్తిన మిగిలే ఖాళీ 90 మిల్లీలీటర్లు. ఒక చిన్న టీ గ్లాసు. గాలిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేం. రాత్రంతా ఒక్కో చుక్కా దిగి ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచి ఉన్న సిలిండర్లో ఆ టీ గ్లాసు నిండిందనుకుందాం. పొద్దున్నే తాళం తిప్పగానే స్టార్టర్ టక్కుమని ఆగిపోతుంది. అది అదృష్టం. పక్క సిలిండర్లు అంటుకుని ఇంజన్ తిరగబోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఒక్కోసారి విరిగి బ్లాక్‌ను బద్దలు కొడుతుంది. అంతకంటే తక్కువ నీరు దిగినా వాల్వ్‌లు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, సిలిండర్ గోడలు గరుకెక్కుతాయి, ఇంజనాయిల్ పాలు పోసిన టీ రంగుకు తిరుగుతుంది.

ముందస్తు జాడలు లేకపోలేదు. ఒక స్పార్క్ ప్లగ్ మాత్రమే తుప్పు పట్టి, లేదా ఆవిరి కడిగినట్టు తెల్లగా శుభ్రంగా బయటికి వస్తే అనుమానించాలి. పొద్దుటి స్టార్టు మొండికేయడం, మొదటి నిమిషం ఒక సిలిండర్ తప్పడం, మానిఫోల్డ్‌కూ రైజర్‌కూ మధ్య అతుకు దగ్గర తుప్పు చారలు కారడం కూడా గుర్తులే. వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంటే పడవ పరుగెత్తుతుండగా రెండు వైపుల రైజర్లనూ పోల్చి చూడవచ్చు. బాగున్న రైజర్ పై భాగం సుమారు 65 డిగ్రీలు దాటదు. ఒకవైపు వేడి రెండోవైపు కంటే బాగా ఎక్కువుంటే ఆ వైపు సందులు పూడుతున్నట్టే. విప్పాక నీటి రంధ్రాలు మూసి గాలి ఎక్కించి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూసే పరీక్ష ఇవాళ చిల్లు ఉందో లేదో చెబుతుంది, ఇంకెంత మందం మిగిలిందో చెప్పదు. ఆసిడ్ పోసి సందులు శుభ్రం చేయించడం కూడా అలాంటిదే. తుప్పుతో పాటు తుప్పే అడ్డంగా నిలిచి కాపాడుతున్న చిల్లులూ తెరుచుకుంటాయి. ఏళ్లు మీరిన పోతను ఇలా బతికించాలని చూడటం కంటే మార్చడమే నయం. దాని ధర ఇంజన్ ధరలో చిన్న ముక్క.

ఇక కొత్తది ఎంచుకోవడానికి వస్తే, ముందు తేలాల్సింది ఇంజన్ ఏ నీటితో చల్లబడుతోందన్నది. నేరుగా సముద్రపు నీటినే బ్లాక్‌లోకీ మానిఫోల్డ్‌లోకీ పంపే ఏర్పాటు ఒకటి. దీన్ని రా వాటర్ కూలింగ్ అంటారు. ఇందులో థర్మోస్టాట్‌ను 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే తెరుచుకునేలా పెడతారు. నీరు అంతకంటే బాగా వేడెక్కితే దానిలోని కాల్షియం లవణాలు విడివడి కాగే కుండకు పట్టే సున్నంలా గోడలకు అంటుకుంటాయి. రెండోది క్లోజ్డ్ కూలింగ్. హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టి, ఇంజన్ లోపల కూలెంట్‌ను మాత్రమే తిప్పుతారు. సముద్రపు నీరు ఎక్స్‌ఛేంజర్ దాకా వచ్చి, వేడి పుచ్చుకుని ఎల్బోలో పొగతో కలిసి పోతుంది. ఇక్కడ కూడా రెండు రకాలున్నాయి. పూర్తి రకంలో మానిఫోల్డ్‌కు కూడా కూలెంటే అందుతుంది, సగం రకంలో బ్లాక్‌కు కూలెంటు, మానిఫోల్డ్‌కు ఉప్పునీళ్లు. సగం రకం పడవ కొన్నవాళ్లు తమ ఇంజన్‌కు క్లోజ్డ్ కూలింగ్ ఉందన్న ధైర్యంతో మానిఫోల్డ్ సంగతి మరిచిపోతుంటారు. ఉప్పుకు ముందుగా చెడే భాగాన్నే ఉప్పుకు వదిలేశారన్నమాట.

ఈ తేడా తెలియకుండా విడిభాగం కొంటే మానిఫోల్డ్ సరైనదే అయినా పని చెడుతుంది. మానిఫోల్డ్‌కూ రైజర్‌కూ మధ్య పెట్టే గ్యాస్కెట్, దానితో వచ్చే పలక ఏర్పాటును బట్టి మారతాయి. మెర్‌క్రూజర్ ఇంజన్లలో ఇవి మూడు తీరులు. నీళ్లు పూర్తిగా పైకి వెళ్లనిచ్చేది, చిన్న రంధ్రంతో కొద్దిగా మాత్రమే వదిలేది, అసలు వదలకుండా మూసేది. పూర్తి క్లోజ్డ్ కూలింగ్‌లో మూసే పలక పెట్టకపోతే కూలెంటు ఎల్బోలోకి లేచి సముద్రం పాలవుతుంది. రా వాటర్ ఇంజన్‌లో పొరపాటున మూసే పలక పెడితే ఎల్బోకు నీళ్లు అందవు, రబ్బరు గొట్టం కాలుతుంది. పాతది విప్పేటప్పుడే ఏ గ్యాస్కెట్ ఉందో ఫొటో తీసి పెట్టుకోవడం తెలివైన పని. అంతకుముందు బిగించినవాళ్లు తప్పు చేసి ఉండొచ్చు కాబట్టి దాన్ని తయారీదారు పుస్తకంతో సరిచూసుకోవడం ఇంకా తెలివైన పని.

అతుకు తీరు రెండో పెద్ద ప్రశ్న. పాత రకం అతుకులో పొగ రంధ్రమూ, నీటి రంధ్రాలూ ఒకే గ్యాస్కెట్ మీద పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య అడ్డంగా ఉండేది గ్యాస్కెట్ పలచటి కట్టు మాత్రమే. అది చెడితే నీళ్లు కిందికి జారి నేరుగా సిలిండర్ దారి పడతాయి. దీన్ని వెట్ జాయింట్ అంటారు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో మెర్‌క్రూజర్ వి6, వి8 ఇంజన్లకు డ్రై జాయింట్ వచ్చింది. ఇందులో పొగ రంధ్రం నడుమ, నీటి దారులు దూరంగా అంచుల్లో, వాటి మధ్య గాలి తగిలే ఖాళీ. గ్యాస్కెట్ చెడినా నీళ్లు ఇంజన్ బయటికి కారతాయి, కంటికి కనబడతాయి. ఉప్పునీటి పడవకు ఈ దశాబ్దాల్లో వచ్చిన మేలైన మార్పు ఇదేనని చెప్పాలి. డబ్బు కాస్త ఎక్కువైనా డ్రై జాయింట్ వైపు మొగ్గడమే మంచిది. పాత ఇంజన్లను కూడా చాలావరకు డ్రై జాయింట్‌కు మార్చవచ్చు. అయితే మానిఫోల్డ్, ఎల్బో రెండూ కలిపి మార్చాలి. వెట్ మానిఫోల్డ్ మీద డ్రై ఎల్బో కూర్చోదు. ఇంకో మాట కూడా మరవకూడదు: డ్రై జాయింట్ అతుకును మాత్రమే కాపాడుతుంది. ఎల్బో కొసన నీళ్లూ పొగా కలిసే పెదవి అంతకుముందులాగే తినబడుతుంది. ఏటా ఒకసారి రబ్బరు గొట్టం వదులు చేసి ఆ కొసను చూడాల్సిందే.

కొలతల దగ్గర జాగ్రత్త కావాలి. 5.7 లీటర్ల వి8 అన్నంత మాత్రాన సరిపోదు. అదే బ్లాక్ మెర్‌క్రూజర్‌లో ఒక రకం మానిఫోల్డ్, వోల్వో పెంటాలో మరో రకం, క్రూసేడర్‌లో ఇంకో రకం వేసుకుంటుంది. రైజర్ నడిమధ్య నుంచి లేచేవి ఉన్నాయి, ఒక చివర నుంచి లేచేవి ఉన్నాయి. రబ్బరు గొట్టం వ్యాసం 3 అంగుళాలో 4 అంగుళాలో, ఎల్బో వాలు 7 డిగ్రీలో 14 డిగ్రీలో చూడాలి. బయటికి సూటిగా కనబడని ఈ వాలు తేడా వల్లే కొత్త ఎల్బోకు పాత గొట్టం అందక సగం పనిలో ఆగిపోయేవాళ్లున్నారు. ఇంజన్ మీద చెక్కిన సీరియల్ నంబరు చెప్పి కొనడం ఒక్కటే నమ్మకమైన మార్గం. పడవ తయారైన సంవత్సరం నమ్మదగింది కాదు, ఇంజన్ అంతకుముందు ఏడాదిది కావచ్చు, మధ్యలో ఎవరైనా మార్చి ఉండవచ్చు.

ఎత్తు మరో లెక్క. పడవ ఒక్కసారిగా వేగం తగ్గిస్తే వెనక నుంచి దాని అల దానినే తరుముకొస్తుంది, ఎగ్జాస్ట్ నోట్లోకి ఎగదన్నుతుంది. దాన్ని అడ్డుకోవడానికి గొట్టంలో రబ్బరు రెక్క ఒకటి ఉంటుంది. అసలైన రక్షణ మాత్రం ఎల్బో వంపు ఎత్తే. నిండా బరువుతో నీటిలో నిలిచిన పడవ నీటి మట్టానికి ఎల్బో పై భాగం కనీసం అడుగుకు పైగా ఎత్తులో ఉండాలి. ఖచ్చితమైన అంకె తయారీదారు పుస్తకంలో ఉంటుంది. అమెరికాలో 1954లో మొదలైన అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ఎగ్జాస్ట్ అమరికకు పీ-1 పేరుతో విడిగా ఒక ప్రమాణమే రాసింది. పాత పడవకు పెద్ద ఐసు పెట్టె, అదనపు బ్యాటరీలు, కొత్త జనరేటర్ చేరుతూపోతే వెనక భాగం దిగబడుతుంది. ఒకప్పుడు సరిపోయిన ఎత్తు ఇప్పుడు చాలదు. అలాంటప్పుడు మానిఫోల్డ్‌కూ ఎల్బోకూ మధ్య 3 అంగుళాల గానీ 6 అంగుళాల గానీ ఎత్తు ముక్క వేసుకోవచ్చు. అలా పెరిగిన ఎత్తు ఇంజన్ మూతకు తగలకుండా ఉంటుందో లేదో ముందే కొలవాలి.

లోహం విషయంలో కొత్తదనానికి ఆశపడితే నష్టమే ఎక్కువ. అల్యూమినియం మానిఫోల్డ్ తేలిక, మంచినీటిలో తిరిగే స్కీ పడవల్లో బాగానే పనిచేస్తుంది. ఉప్పునీరు నేరుగా పారితే ఇనుప హెడ్‌కు తగిలిన అల్యూమినియం ముందుగా కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదన్న మాట వంటింట్లో నిజం. వేడీ క్లోరైడూ కలిసిన చోట అతుకుల సందుల్లో గుంటలు పడి, బిగువు ఉన్న చోట సన్నటి పగుళ్లు పుడతాయి. మేలు రకం 316ఎల్‌తో, మంచి వెల్డింగుతో చేసిన ఎల్బోలు డబ్బుకు తగ్గట్టు మన్నుతాయి గానీ అందరికీ అవసరం లేదు. మామూలు వాడకానికి మందంగా పోత పోసిన ఇనుమే ఇప్పటికీ సరైన ఎంపిక. దాన్ని ఆయువు తీరగానే మార్చేస్తే చాలు.

ఇంజన్ కంపెనీ సొంత భాగమా, బయటి సంస్థదా అన్న వాదం తెగేది కాదు. పేరున్న బయటి సంస్థల పోతలు ఉప్పునీటిలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి. ఏ పెట్టెలోంచి తీసినా చూడాల్సినవి కొన్నే. అతుకు ముఖాలు చదునుగా మిషనింగ్ అయ్యాయా, లోపల పోత ఇసుక మిగిలిపోయిందా, నీటి సందులు రెండు చివరలా తెరుచుకుని ఉన్నాయా? ఒక గొట్టంతో నీళ్లు పోసి చూస్తే తెలిసిపోతుంది. ఎక్కువమంది చేసే పొదుపు తప్పు ఒకటుంది. రైజర్లు మాత్రమే మార్చి పాత మానిఫోల్డ్ ఉంచేయడం, లేదా చెడిన వైపు ఒక్కటే మార్చడం. రెండు వైపులా ఒకే నీరు, ఒకే వయసు కాబట్టి రెండోది కూడా ఎంతో దూరం లేదు.

కొత్త ఇంజన్లలో బేరం ఇంత సులువు కాదు. కాలిఫోర్నియా 2008 నుంచి, అమెరికా పర్యావరణ సంస్థ 2010 నుంచి లోపలి పెట్రోలు ఇంజన్ పడవలకు హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి కిలోవాట్ గంటకు 5 గ్రాముల హద్దు పెట్టాయి. దాంతో మానిఫోల్డ్‌కూ ఎల్బోకూ నడుమ పొగలోని ఈ కాలుష్యాలను తగ్గించే కేటలిస్ట్ వచ్చి చేరింది. ఆక్సిజన్ సెన్సర్లూ వచ్చాయి. కేటలిస్ట్‌కు వేడి కావాలి, నీటి చుక్క పడకూడదు. అందువల్ల ఈ ఇంజన్లలో క్లోజ్డ్ కూలింగే ఎక్కువ. భాగాల ధర పాతవాటితో పోలిస్తే ఎన్నో రెట్లు. కేటలిస్ట్ తీసేసి పాత రకం మానిఫోల్డ్ వేయడం చట్టవిరుద్ధం, కంప్యూటరు కూడా ఒప్పుకోదు.

డీజిలు ఇంజన్లలో మానిఫోల్డ్ కంటే దాని చివర ఉండే మిక్సింగ్ ఎల్బో ముందు పోతుంది. తెరచాప పడవల్లో చిన్న యాన్మార్ ఇంజన్లున్నవాళ్లకు ఇది బాగా తెలిసిన రోగం. బ్యాటరీ నింపడానికి గంటల తరబడి తక్కువ వేగంలో తిప్పితే మసి పేరుకుని, ఉప్పుతో కలిసి గొట్టాన్ని గుండె నాళంలా పూడ్చేస్తుంది. ఇంజన్ శక్తి తగ్గి నల్లటి పొగ వస్తుంది. అంటుకోని ఇంజన్‌ను అదేపనిగా స్టార్టర్‌తో తిప్పినా ప్రమాదమే. పంపు నీళ్లు తోడుతూ ఉంటుంది, బయటికి తన్నే పొగ ఉండదు, ఆ నీళ్లు వెనక్కి ఇంజన్‌లోకి వస్తాయి.

బిగించే రోజు తొందర పనికిరాదు. సిలిండర్ హెడ్ ముఖం మీది పాత గ్యాస్కెట్ పూర్తిగా గీకాలి, తుప్పు పట్టిన బోల్టులను మళ్లీ వాడకూడదు. టార్క్ రెంచితో నడిమి నుంచి చివరలకు కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకసారి ఇంజన్ వేడెక్కి చల్లారాక మళ్లీ సరిచూడాలి. అతుకు వదులైతే నీళ్లే కాదు, కార్బన్ మోనాక్సైడ్ కూడా కారుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. క్యాబిన్ ఉన్న ప్రతి పడవలో దాన్ని పసిగట్టే అలారం పెట్టాల్సిందే. ఎల్బో మారిస్తే పాత రబ్బరు గొట్టాన్నీ, క్లిప్పులనూ, లోపలి రెక్కనూ మార్చడం ఆ పూటలోనే అయిపోయే పని. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో పది నిమిషాలు ఇంజన్ తిప్పి కడిగితే ఆయువు పెరుగుతుంది. థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కనిస్తేనే ఆ మంచినీళ్లు లోపలి సందులన్నింటికీ చేరతాయి.

అన్నీ బిగించాక మానిఫోల్డ్ కడుపు మీద తెల్ల రంగుతో నెలా సంవత్సరమూ రాసి పెట్టే పద్ధతి మంచి మెకానిక్‌లలో ఉంది. పాత పడవ కొనబోయేవాళ్లు ఇంజన్ మూత ఎత్తగానే ముందు ఆ అంకె కోసమే వెతుకుతారు. అది లేకపోతే మానిఫోల్డ్ మార్చే ఖర్చును బేరంలో కలుపుకుంటారు.